సిస్టమ్ ఉన్నట్టుండి ఆగిపోతోందా? పార్టు కొనే ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోండి

కంప్యూటర్ మధ్యలో ఆగిపోవడం మొదలవగానే చాలామంది విండోస్ ఫార్మాట్ కొట్టిస్తారు. అదీ పనిచేయకపోతే మన విశాఖలోనైతే ద్వారకానగర్ వెళ్లి కొత్త ర్యామో, కొత్త ఎస్‌ఎంపీఎస్సో (సిస్టమ్‌కు కరెంటు అందించే పెట్టె) తెచ్చి పెడతారు. నాలుగు రోజులు బాగానే నడిచి మళ్ళీ మొదటికొస్తుంది. లోపం ఏమిటో తెలియకుండా పార్టు మార్చితే డబ్బు పోవడంతో ఆగదు, ఉన్న ఆధారాలు కూడా చెరిగిపోతాయి. కింద చెప్పిన వరుసలో వెళ్లండి. ఒక్కో మెట్టులో ఒక్కటే మార్చండి, మార్చిన తేదీ, ఫలితం ఒక కాగితం మీద రాసుకోండి. విశాఖ లాంటి ఊళ్లో ఈ వరుసకు ఇంకో కారణం కూడా ఉంది. ఇక్కడ పార్టు చెడిపోకపోయినా ఉప్పుగాలి, ఎర్తింగ్, ఇన్వర్టర్ అన్నీ కలిసి చెడిపోయినట్టు చూపిస్తాయి.

ముందుగా ముఖ్యమైన ఫైళ్లన్నీ బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఈ పరీక్షల్లో సిస్టమ్‌ను కావాలనే కష్టపెడతాం. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ అక్కడే ఆగిపోవచ్చు. ఆ తర్వాత ఒక డిజిటల్ మల్టీమీటర్, ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి బ్రష్, నూగు రాలని గుడ్డ, చిన్న థర్మల్ పేస్ట్ ట్యూబ్ దగ్గర పెట్టుకోండి.

1. ఎలా ఆగుతోంది, ఎప్పుడు ఆగుతోంది

"క్రాష్ అవుతోంది" అంటే సరిపోదు. ప్లగ్గు పీకినట్టు ఠక్కున ఆరిపోతోందా, లేక తనంతట తానే రీస్టార్ట్ అవుతోందా? అలాగైతే కరెంటు సరఫరా, ఎస్‌ఎంపీఎస్, వేడి, మదర్‌బోర్డు షార్ట్ వైపు చూడాలి. బ్లూ స్క్రీన్ వస్తోందంటే ర్యామ్, ప్రాసెసర్, డిస్క్, డ్రైవర్ల మీద అనుమానం. బొమ్మ అలాగే బిగుసుకుపోయి మౌస్ కూడా కదలకపోతే ర్యామ్, ప్రాసెసర్, ఎస్‌ఎస్‌డీ. తెర నల్లబడి, వెనక పాట మాత్రం వినిపిస్తూ ఉంటే, లేదా ఫ్యాన్లు ఒక్కసారిగా గట్టిగా తిరిగితే గ్రాఫిక్స్ కార్డు.

ఎప్పుడు అన్నది ఇంకా ఎక్కువ చెబుతుంది. గేమ్ మొదలైన రెండు మూడు సెకన్లలో ఆరిపోతే అది సాధారణంగా వేడి కాదు, కూలర్ సరిగా కూర్చుని ఉంటే అంత త్వరగా వేడెక్కదు. లోడ్ ఒక్కసారి పెరిగినప్పుడు ఎస్‌ఎంపీఎస్ తట్టుకోలేకపోతోందన్నమాట. ఇరవై నిమిషాలు ఆడాక ఆగితే వేడి. పొద్దున్నే మొదటిసారి ఆన్ చేసినప్పుడు రెండు మూడు సార్లు ఆగి, తర్వాత రోజంతా బాగుంటే కాంటాక్టుల్లో తేమ గానీ, ముసలిదైన ఎస్‌ఎంపీఎస్ కెపాసిటర్లు గానీ కారణం. పక్క గదిలో ఏసీ కంప్రెసరో, నీళ్ల మోటారో ఆన్ అయినప్పుడే ఆగుతుంటే క్యాబినెట్ మూత తీయనక్కర్లేదు, ముందు గోడ ప్లగ్గు చూడండి.

2. విండోస్ రాసిపెట్టిన లాగ్ చదవండి

స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని టైప్ చేస్తే రిలయబిలిటీ మానిటర్ తెరుచుకుంటుంది. ఏ తేదీ నుంచి ఎర్ర గుర్తులు మొదలయ్యాయో చూడండి. ఆ రోజు కొత్త డ్రైవర్ ఎక్కితే ముందు దాన్ని తీసేయండి.

తర్వాత ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్. కెర్నల్ పవర్ 41 అన్న ఎంట్రీ దాదాపు తప్పకుండా కనిపిస్తుంది. దాన్ని చూసి ఎస్‌ఎంపీఎస్ కొనేయకండి. సిస్టమ్ సవ్యంగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే దాని అర్థం, కారణం అందులో ఉండదు. డీటెయిల్స్ ట్యాబ్‌లో బగ్‌చెక్ కోడ్ (బ్లూ స్క్రీన్ కోడ్) విలువ చూడండి. సున్నా ఉంటే విండోస్‌కు ఏదీ రాసుకునే వ్యవధి లేకుండా కరెంటు తెగింది, లేదా పూర్తిగా బిగుసుకుపోయింది. అక్కడే పవర్ బటన్ టైమ్‌స్టాంప్ దగ్గర సున్నా కాకుండా వేరే సంఖ్య ఉంటే హ్యాంగ్ అయినప్పుడు మీరే బటన్ నొక్కి ఆపారని. ఈ రెండూ వేర్వేరు జబ్బులు.

డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ పేరుతో ఎంట్రీలు ఉంటే హార్డ్‌వేర్ తానే ఫిర్యాదు చేస్తోందన్నమాట. 18 అంటే సరిదిద్దలేని లోపం, ఎక్కువగా ప్రాసెసర్ వైపు. 19 అంటే సరిదిద్దుకున్న లోపం. 17 ఎక్కువగా పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ల నుంచి వస్తుంది: గ్రాఫిక్స్ కార్డో, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీయో సరిగా కూర్చోకపోయినా ఇదే. డిస్క్ పేరుతో 7 కనిపిస్తే బ్యాడ్ బ్లాక్. 153 అంటే చదవలేక మళ్ళీ ప్రయత్నించింది. 129 అంటే డిస్క్ జవాబివ్వక కంట్రోలర్ రీసెట్ చేసింది.

బ్లూ స్క్రీన్ కళ్ల ముందు నిలవకుండా మాయమవుతుంటే సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్, అక్కడ స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్కు తీసేయండి. ఈసారి కోడ్ ఫోటో తీసుకోవచ్చు. 124 హార్డ్‌వేర్ లోపం, 116 గ్రాఫిక్స్, 7ఏ డిస్క్ నుంచి పేజీ చదవలేకపోవడం, 1ఏ మెమరీ. అయితే ప్రతిసారీ వేరే వేరే కోడ్ వస్తుంటే, తప్పు పట్టిన డ్రైవర్ పేరు కూడా మారిపోతుంటే, ఆ పేర్లేవీ పట్టించుకోకుండా ర్యామ్ పరీక్షకు వెళ్లండి. చెడిన ర్యామ్ గుర్తు అదే.

సాఫ్ట్‌వేరా హార్డ్‌వేరా అని ఇంకా సందేహంగా ఉంటే పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్ లాంటిదే, ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా దాని మీదే రెండు గంటలు వీడియోలు నడపండి. అక్కడా ఆగిపోతే విండోస్‌ను వదిలేయండి.

3. గోడ ప్లగ్గు నుంచి ఎస్‌ఎంపీఎస్ దాకా

ముందు స్పైక్ బస్టర్, యూపీఎస్ రెండూ తప్పించి సిస్టమ్‌ను నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టి ఒకటి రెండు రోజులు వాడండి. ఆగడం మానేస్తే లోపం ఆ రెంటిలోనే. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల దాకానే ఇస్తుంది. గ్రాఫిక్స్ కార్డున్న సిస్టమ్, మానిటర్ కలిపి అంతకు మించితే కరెంటు పోయిన క్షణంలోనే పడిపోతుంది. లోపలి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ మన ఉక్కపోతకు రెండు మూడేళ్లకు మించి నమ్మదగింది కాదు. పరీక్షించాలంటే సిస్టమ్‌ను బయాస్ తెరలో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్ తెర) పెట్టి యూపీఎస్‌కు కరెంటు వచ్చే స్విచ్ ఆపండి. విండోస్ నడుస్తుండగా మాత్రం చేయకండి, ఫైళ్లు పాడవుతాయి.

ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు దాని వెనకో, ముందో ఉన్న చిన్న స్విచ్ చూసుకోండి. దాని మీద యూపీఎస్ మోడ్, నార్మల్ లేదా ఎకో మోడ్ అని ఉంటుంది. ఫ్యాన్లు, లైట్లకు నార్మల్ సరిపోతుంది. కంప్యూటర్‌కు చాలదు. కరెంటు తెగాక ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లలో ఉన్న నిల్వతో నిలబడేది పదహారు పదిహేడు మిల్లీసెకన్లే. నార్మల్ మోడ్‌లో ఇన్వర్టర్ అందుకునేలోపు అది దాటిపోతుంది. "కరెంటు పోయినప్పుడు ఫ్యాను ఆగదు, సిస్టమ్ మాత్రం ఆగుతుంది" అనే ఇళ్లలో చాలాసార్లు ఇదే సంగతి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే యూపీఎస్ మోడ్‌లో పెట్టినా యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు తీసుకునే తీరును సరిచేసే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని దాని మీద నిలవవు.

ఎర్తింగ్ చూడాలంటే మల్టీమీటర్‌ను ఏసీ 600 లేదా 750 వోల్టుల రేంజిలో పెట్టండి. ఎర్త్ రంధ్రం పైన ఉండేలా చూస్తే కుడివైపు ఫేజ్, ఎడమవైపు న్యూట్రల్. ఫేజ్ న్యూట్రల్ మధ్య 207 నుంచి 253 లోపు రావాలి. ఫేజ్ ఎర్త్ మధ్య దాదాపు అంతే రావాలి. న్యూట్రల్ ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఏసీ మెయిన్స్‌లో మీటరు పెట్టడం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్ చేత చేయించండి, ఇది ధైర్యం చూపించే చోటు కాదు. క్యాబినెట్ తాకితే జిల్లుమంటోందంటే ఎర్త్ అందడం లేదని అర్థం. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి లీకయ్యే కొద్దిపాటి కరెంటుకు పోయే దారి లేక బాడీ మీద నిలబడుతుంది. అలాంటి సిస్టమ్ పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడో, బాడీ తాకినప్పుడో రీసెట్ అవుతుంది. కొండవాలు ఇళ్లలో రాతినేల వల్ల ఎర్త్ పిట్ తేమ నిలుపుకోదు. వేసవిలో పిట్‌లో నీళ్లు పోయించడం మరవకండి.

4. మూత తీసి చూడండి: ఉప్పు, తేమ, దుమ్ము

ఈ మెట్టును తొందరపడి దాటకండి. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, రుషికొండ వైపు సముద్రానికి ఎదురుగా కిటికీలున్న గదుల్లో గాలితో పాటు ఉప్పు కూడా లోపలికి వస్తుంది. ఉప్పు తేమను పీల్చుకుంటుంది. పొడిగా ఉన్నప్పుడు దానివల్ల ఏమీ కాదు, రాత్రి తేమ పట్టాక అదే సన్నటి విద్యుత్ వాహకపు పొరగా మారుతుంది. వర్షాకాలం పొద్దుటి పూట ఆన్ కాని సిస్టమ్ అరగంట తర్వాత మామూలుగా నడవడానికి కారణం ఇదే. పోర్టుకు దగ్గరగా, పాతనగరం, జ్ఞానాపురం వైపు బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము దీనికి తోడవుతుంది. ఆ నల్లటి పొడి ఫ్యాన్ రెక్కల మీద ఉంటే సరే, బోర్డు మీద తేమతో కలిసి పేరుకుంటేనే ప్రమాదం.

షట్‌డౌన్ చేసి, ప్లగ్గు పూర్తిగా పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ లోహాన్ని ఒకసారి తాకి ఒంట్లోని స్టాటిక్ వదిలించుకోండి. ముందు వెనకవైపు స్క్రూలు, యూఎస్‌బీ పోర్టుల అంచులు చూడండి. అక్కడ తుప్పు, తెల్లటి పొడి లేదా పచ్చటి చిలుము ఉంటే లోపలి కాంటాక్టులకూ పట్టే ఉంటుంది.

ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, ఎం.2 ఎస్‌ఎస్‌డీ ఒక్కొక్కటీ తీసి, బంగారు రంగు కాంటాక్టులను ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో ఒకే దిశలో తుడవండి. పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మనవాళ్లకు బాగా అలవాటు. పని చేస్తుంది కానీ బంగారు పూత చాలా పలచన, పదే పదే రుద్దితే కింది లోహం బయటపడి ఇంకా త్వరగా చిలుము పడుతుంది. తప్పదనుకుంటే ఒక్కసారి, మెల్లగా రుద్ది, తర్వాత ఆల్కహాల్‌తో తుడవాలి. చేతుల శానిటైజర్ వాడొద్దు, అందులో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి. స్లాట్లలోకి సూదులు, పిన్నులు దూర్చొద్దు. పొడి బ్రష్ చాలు. పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, ర్యామ్ రెండు వైపులా టక్కుమని పట్టుకునేదాకా నొక్కండి.

మదర్‌బోర్డు 24 పిన్ల కనెక్టరు, ప్రాసెసర్ పక్కనున్న 8 పిన్ల కనెక్టరు, గ్రాఫిక్స్ కార్డు కనెక్టర్లు పీకి చూడండి. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా, పిన్ను నల్లబడినా అక్కడ కాంటాక్టు వదులై కాలుతోంది. శుభ్రం చేస్తే కుదిరేది కాదు, కేబుల్ మార్చాలి.

దుమ్ము దులపడానికి చిన్న ఎలక్ట్రిక్ బ్లోయర్ మంచిది. ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి. పంచర్ షాపు కంప్రెసర్ గాలి పనికిరాదు, దాంట్లో నీటి తుంపర్లు, నూనె ఉంటాయి. ఇంకో మాట: షట్‌డౌన్ చేసిన వెంటనే ప్లాస్టిక్ కవరు కప్పేయకండి, లోపలి తేమ అక్కడే చిక్కుకుంటుంది. చల్లటి ఏసీ గదిలోంచి తెచ్చిన సిస్టమ్‌ను ఉక్కగా ఉన్న గదిలో వెంటనే ఆన్ చేయకండి. గంటసేపు ఆగండి, చెమ్మ ఆరనివ్వండి.

ఈ ఒక్క మెట్టు అయ్యాక ఇంకేమీ ముట్టుకోకుండా కొన్నాళ్లు వాడి చూడండి.

5. వేడి

హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ప్రోగ్రామ్ వేసి, సెన్సర్ రీడింగులు ఫైల్‌లోకి రాసేలా లాగింగ్ ఆన్ చేయండి. సిస్టమ్ ఆగిపోయాక ఆ ఫైల్ చివరి వరుస చూస్తే ఆగే ముందు ఏం జరిగిందో తెలుస్తుంది. ప్రాసెసర్ పరిమితి మోడల్‌ను బట్టి ఎక్కువగా 90 నుంచి 105 డిగ్రీల దాకా ఉంటుంది. అది అందగానే ముందు వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ తగ్గకపోతేనే ఆరిపోతుంది. కాబట్టి చివరి వరుసలో 70 డిగ్రీలుంటే వేడిని నిందించకండి.

ఇంటెల్ డబ్బాలో వచ్చే కూలర్‌కు నాలుగు మూలలా ప్లాస్టిక్ పిన్నులుంటాయి. వాటిలో ఒకటి పైకి లేచినా వేడి ఆకాశానికంటుతుంది. కూలర్ తీస్తే పాత పేస్ట్ పూర్తిగా తుడిచి, బఠాణీ గింజంత కొత్తది మధ్యలో పెట్టి బిగించండి. డిసెంబరులో బాగుపడిందనుకున్న సిస్టమ్ మేలో మళ్ళీ ఆగితే ఆశ్చర్యపోనక్కర్లేదు. గది పది డిగ్రీలు వేడెక్కితే లోపల కూడా అంతే పెరుగుతుంది.

6. ర్యామ్

బయాస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్ వేగాన్ని పెంచే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఆపేయండి. చాలాసార్లు కథ ఇక్కడే ముగుస్తుంది. డబ్బా మీద రాసిన వేగానికి ర్యామ్ తట్టుకున్నా ప్రాసెసర్ లోపలి మెమరీ కంట్రోలర్ తట్టుకోకపోవచ్చు, ముఖ్యంగా నాలుగు స్లాట్లూ నింపితే.

తర్వాత పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 వేసి దాంతో బూట్ చేయండి. ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌లు నడుస్తుంది, రాత్రి పెట్టి పడుకోండి. "ఒకే ఒక్క ఎర్రర్ వచ్చింది, పర్వాలేదా?" అంటే పర్వా ఉంది. రావాల్సింది సున్నా. ఎర్రర్ వస్తే ఒక్క స్టిక్ మాత్రమే ఉంచి, నాలుగు స్లాట్ల బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో పరీక్షించండి. తర్వాత రెండో స్టిక్ అదే స్లాట్‌లో. ఎర్రర్ స్టిక్‌తో పాటు కదిలితే స్టిక్ చెడింది. ఏ స్టిక్ పెట్టినా అదే స్లాట్‌లో వస్తే స్లాట్, లేదా ప్రాసెసర్ సాకెట్. విండోస్‌తో వచ్చే మెమరీ పరీక్ష ఎర్రర్ చూపితే నమ్మండి, ఏమీ లేదంటే నమ్మకండి.

7. డిస్క్

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో 05, సీ5, సీ6 విలువలు చూడండి, డిస్క్‌లో చెడిన భాగాల లెక్కలు అవి. రా విలువ సున్నా కాకుండా ఉండి, వారం వారం పెరుగుతుంటే డిస్క్ మార్చాల్సిందే. సీ7 ఒక్కటే పెరుగుతుంటే డిస్క్ మంచిదే, సాటా కేబుల్ మార్చండి. ఎన్‌వీఎంఈ అయితే మీడియా ఎర్రర్స్ సున్నా ఉండాలి.

8. గ్రాఫిక్స్ కార్డా, ఎస్‌ఎంపీఎస్సా

ఈ రెంటినీ విడదీయడమే కష్టం, ఎందుకంటే రెండూ గేమ్ మధ్యలోనే చస్తాయి. ప్రైమ్95తో ప్రాసెసర్‌ను మాత్రమే అరగంట కష్టపెట్టండి. తర్వాత ఫర్‌మార్క్‌తో గ్రాఫిక్స్ కార్డును మాత్రమే పదిహేను నిమిషాలు, ఉష్ణోగ్రత చూస్తూ. తర్వాత రెండూ కలిపి. విడివిడిగా నిలబడి, కలిపితే ఆరిపోతే ఎస్‌ఎంపీఎస్. ఫర్‌మార్క్ ఒక్కదానికే తెరమీద రంగు చుక్కలు, గీతలు వచ్చి ఆగితే కార్డు.

రెంటినీ తట్టుకుని గేమ్‌లో మాత్రమే ఆరిపోతే ఎస్‌ఎంపీఎస్ అనుమానం పోలేదు. గేమ్‌లో లోడ్ క్షణక్షణం ఎగిరి పడుతుంది, ఆ కుదుపులే బలహీనమైన ఎస్‌ఎంపీఎస్‌ను పడగొడతాయి. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ 70 శాతానికి తగ్గించి, ఫ్రేమ్‌లు 60కి కట్టేసి ఆడండి. ఆగడం మానేస్తే అనుమానం బలపడినట్టే. కార్డుకు రెండు కనెక్టర్లుంటే ఒకే కేబుల్‌కున్న రెండు తలలూ పెట్టకుండా రెండు వేర్వేరు కేబుళ్లు పెట్టండి.

లోడ్ మీద మల్టీమీటర్‌తో నాలుగు పిన్ల మోలెక్స్ కనెక్టరులో కొలవండి: పసుపు తీగ, నలుపు మధ్య 11.4 నుంచి 12.6 వోల్టులు, ఎరుపు, నలుపు మధ్య 4.75 నుంచి 5.25. ఇది దాటితే ఎస్‌ఎంపీఎస్ చెడినట్టే. లోపల ఉంటే మాత్రం మంచిదని రుజువు కాదు, మీటరు సగటు చూపిస్తుంది, మిల్లీసెకను కుంగుబాటు దానికి అందదు. 24 పిన్ల కనెక్టరులో పచ్చ తీగ, నల్ల తీగ కలిపి ఫ్యాన్ తిరిగితే బాగుందనడం కూడా అంతే, అది లోడ్ లేని పరీక్ష. తేల్చేది ఒక్కటే, మంచిదని తెలిసిన ఇంకో ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూడటం. స్నేహితుడి దగ్గర అరువు తెస్తే కేబుళ్లు కూడా దానివే తెచ్చుకోండి. మాడ్యులర్ కేబుళ్లు (ఎస్‌ఎంపీఎస్ నుంచి పీకేయగలిగేవి) చూడ్డానికి ఒకేలా ఉన్నా కంపెనీని బట్టి ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుస మారుతుంది. పాత కేబుల్‌తో కలిపితే డిస్కులు ఒక్క క్షణంలో కాలిపోతాయి. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం విప్పకండి. లోపలి కెపాసిటర్‌లో ప్లగ్గు పీకాక కూడా మూడు వందల వోల్టులకు పైగా ఉండొచ్చు.

9. మిగిలింది ప్రాసెసర్, మదర్‌బోర్డు

13, 14 తరాల ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లున్నవాళ్లు ఈ మెట్టు ముందే చూసుకోవాలి. వాటిలో కొన్ని ఎక్కువ వోల్టేజి వల్ల క్రమంగా దెబ్బతింటాయని తేలింది. ఇంటెల్ 2024 ఆగస్టులో, సెప్టెంబరులో దీనికి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) దిద్దుబాట్లు విడుదల చేసి, ప్రభావితమైన మోడళ్లకు వారంటీ రెండేళ్లు పొడిగించింది. గేమ్ తెరవగానే వీడియో మెమరీ చాలదని రావడం, పెద్ద ఫైళ్లు విప్పేటప్పుడు ఎర్రర్ రావడం దీని లక్షణాలు. కొత్త బయాస్ వేస్తే ఇకపై దెబ్బతినడం ఆగుతుంది, అప్పటికే దెబ్బతిన్నది బాగుపడదు. బయాస్ అప్‌డేట్ యూపీఎస్ మీదే చేయండి.

మదర్‌బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో చూడండి. సీఆర్2032 బ్యాటరీ 2.8 వోల్టుల కంటే తక్కువ చూపిస్తే మార్చండి. ఆఖరుగా బోర్డును క్యాబినెట్‌లోంచి తీసి అట్టపెట్టె మీద పెట్టి, ఒక్క ర్యామ్, ప్రాసెసర్, కూలర్, బూట్ డిస్క్‌తో నడపండి. ప్రాసెసర్‌లో డిస్‌ప్లే లేకపోతేనే గ్రాఫిక్స్ కార్డు పెట్టండి. బయట బాగా నడిచి లోపల ఆగిపోతే బోర్డు కింద అదనంగా ఉన్న స్టాండాఫ్ (బోర్డును ఎత్తి నిలిపే చిన్న లోహపు కాలు) గానీ, రాలిన స్క్రూ గానీ ఎక్కడో తాకుతోంది.

ఏదో ఒక పార్టు మార్చాక బాగుపడిందని అప్పుడే అనుకోకండి. వారానికోసారి ఆగే సిస్టమ్ అయితే మూడు వారాలు ఆగకుండా నడవాలి. ఆ తర్వాత వీలైతే పాత పార్టును మళ్ళీ పెట్టి చూడండి. ఆగడం తిరిగి వస్తే ఆ పార్టే చెడింది, వారంటీ ఉంటే నిశ్చింతగా పంపండి. రాకపోతే మీరు సరిచేసింది పార్టును కాదు, అది కూర్చునే స్లాటునో కనెక్టరునో. కొత్తది తిరిగిచ్చేయవచ్చు.